ఆకులాయన కట్టిన మెట్లు

మా పెదనాన్న నలభై ఏళ్లు రాతి క్వారీలో ఉలీ సుత్తీ పట్టాడు. పలకలు చీల్చేటప్పుడు ఆకుల అచ్చులున్న రాయి బయటపడితే, పనికిరాదని మేస్త్రీ పక్కన పారేయించేవాడు. అలాంటి రాళ్లను పెదనాన్న ఇంటికి మోసుకొచ్చి, ఒక్కొక్కటే పేర్చి, మేడకు పదకొండు మెట్లు కట్టాడు. ఊళ్లో అందరూ ఆయన్ని ఆకులాయన అంటారు. ఆ పేరు వింటే లోపల సంబరమే, పైకి మాత్రం విసుక్కునేవాడు.

"వండటానికి గుప్పెడు ఆకుకూర లేదు గానీ, మెట్ల నిండా ఆకులే" అని పెద్దమ్మ దెప్పని రోజు లేదు.

ఆ మెట్ల మీదే పెద్దమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ పూట పెదనాన్న ఇంట్లో లేడు. తన ఆకులే ఆమెను పడేశాయని కుమిలిపోయాడు. ఎక్కడ జారావని అడగడానికి కూడా నోరు రాలేదు. ఆమె ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి, మెట్లన్నీ పగలగొడతానని పెద్ద సుత్తి తీశాడు. కాసేపు ఆగమని బతిమాలాను. కాలేజీలో రాళ్ల గురించి పాఠం చెప్పే మా మేడమ్‌ని పరుగున తీసుకొచ్చాను.

ఆవిడ ప్రతి మెట్టు దగ్గరా గొంతుక్కూర్చుని చూసింది. "పెదనాన్నగారూ, వీటిని ఏ వరసలో తెచ్చారు?"

"కింది మెట్టు మొదట. అది క్వారీ పైపొర రాయి, ఆకులు చూడకుండా పునాదికని తెచ్చింది. లోతుకి పోయేకొద్దీ పై మెట్లు."

"అయితే పైనుంచి దిగుతూ చూడాలి, లోతు రాయే అన్నిటికన్నా పాతది. పై మెట్టు మీద నాలుగు సన్నటి కాడలే, అడవి అప్పుడే మొదలైంది. నడిమి మెట్ల మీద వేలు పెట్టే సందు లేనన్ని ఆకులు. తర్వాత నీళ్లు తగ్గాయి. కిందనుంచి రెండో మెట్టుకి ఒక్క రకమే మిగిలింది. అడుగు మెట్టు ఉత్త బురద రాయి, ఆకన్నదే లేదు. కోట్ల ఏళ్ల కిందటి అడవి, దాని పుట్టుకా చావూ మీ ఇంట్లోనే ఉన్నాయి."

పెదనాన్న తలెత్తలేదు. "ఏముంటే ఏం లాభం తల్లీ? మనిషిని పడేశాయి."

కిటికీలోంచి పెద్దమ్మ కేకేసింది. "ఏ మెట్టు మీద పడ్డానో ఎప్పుడైనా అడిగారా? అడుగు మెట్టు మీద! నున్నగా ఉండేది అదొక్కటే. ఆకులున్న చోట కాలికి పట్టు దొరుకుతుంది. ఇన్నేళ్లు ఎక్కి దిగినదాన్ని, నాకు తెలీదూ?"

పెదనాన్న సుత్తి వదిలేసి, మెట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

మర్నాడు, మేడమ్ ఫొటోలు తీసుకున్నాక, అడుగు మెట్టు మీద ఉలితో గరుకు గాట్లు పెట్టాడు. రెండు నెలలకు పెద్దమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చి ముందుగా దాని మీదే కాలు ఆనించి చూసింది.

"ఈ చివర ఇంకో నాలుగు గాట్లు పెట్టండి, ఆకులాయనా" అంది.

పెద్దమ్మ ఆ పేరుతో పిలవగా నేను వినడం అదే మొదటిసారి. పెదనాన్న విసుక్కోలేదు. ఉలి కోసం లోపలికి వెళ్లాడు.