మామిడి వేళ్లలో ఉప్పు

సూర్యప్రభ ముప్పై ఏళ్లు భూసార పరీక్ష కేంద్రంలో పనిచేసి రిటైరయింది. రైతులు సంచుల్లో తెచ్చిన మట్టిని పరీక్షించి, దానికేం లోపమో చెప్పడం ఆమె ఉద్యోగం. సొంతూరు తెనాలి. ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో, చంపాపేట్ రోడ్డు పక్క ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది.

దాని వెనకాల పెద్ద మామిడి చెట్టుంది. తన స్థలం బిల్డరుకిచ్చినప్పుడు ఆ ఒక్కటీ కొట్టొద్దని పట్టుబట్టిన ఈరమ్మ కింది ఫ్లాట్‌లోనే ఉంటుంది. ఈ ఏడు ఆకుల చివర్లు మాడి, కొమ్మలు పైనుంచి ఎండుతూ వచ్చాయి.

"జర చూడమ్మా. పోయినేడు గంపలకు గంపలు కాసింది. గిప్పుడేందో అగ్గి వెట్టినట్టున్నది," అంది ఈరమ్మ.

"పురుగు పట్టిందండీ, కొట్టించేద్దాం," అన్నాడు అసోసియేషన్ ప్రెసిడెంట్ వెంకట్రావు, చెట్టు దగ్గరికి కూడా రాకుండా.

సూర్యప్రభకు మాను మీద ఒక్క పురుగు బెజ్జమూ కనబడలేదు. గునపంతో అడుగు లోతు తవ్వింది. కుళ్లు వాసన గుప్పుమంది. నల్లబడ్డ వేళ్లు జిగటగా చేతిలోకి ఊడొచ్చాయి. చెట్టు కింద మూడుచోట్లా, గేటు దగ్గర ఒకచోటా మట్టి తీసింది. నీడన ఆరబెట్టి, జల్లించి, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి ఉప్పు కొలిచే మీటరు ముంచింది. గేటు మట్టిలో ఉప్పు మామూలుగానే ఉంది. చెట్టు కింద దానికి పన్నెండింతలుంది.

మర్నాడు ప్లంబర్‌తో తవ్విస్తే పైపు బయటపడింది. బోరు నీళ్లలో సున్నం తీసే ప్లాంటును ఉప్పుతో కడిగిన నీళ్లన్నీ నేరుగా వేళ్లలోకే పోతున్నాయి.

"డ్రైనేజీ దాకా వెయ్యాలంటే నా పార్కింగ్ తవ్వాలి మేడం. చెట్టే కదా అని ఇటు తిప్పించాను," నవ్వాడు వెంకట్రావు.

"అంటే, తెలిసే పురుగన్నారా?"

అతను ఫోన్ చూసుకోసాగాడు.

"థూ! మనిషివేనా నువ్వు?" అంది ఈరమ్మ.

సూర్యప్రభకు అతని నవ్వు కంటే, ఆ రోజు చేతికంటిన వేళ్ల జిగురే నయమనిపించింది.

ఆడవాళ్లిద్దరూ దగ్గర నిలబడి అదే రోజు పార్కింగ్ తవ్వించి పైపు మళ్లించారు. పై మట్టి మార్పించి, మంచినీళ్ల ట్యాంకర్లతో ఉప్పు కడిగించారు. అయినా పడమటి వైపు కొమ్మలు బతకలేదు. మాఘంలో తూర్పు కొమ్మ పూసింది.

వెంకట్రావు ఆ పూత ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'మన కమిటీ కృషి' అని రాశాడు. కింద వరసగా దండాలు. సూర్యప్రభ అవి చూసి, గ్రూపులోంచి బయటికొచ్చేసింది.