బోర్లించిన ముంతలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పుట్టిన కంపును మా నాయన ఒక ఒంటరి ఆడమనిషి నెత్తిన రుద్ది, ఆమెను వీధిలోకి వెళ్ళగొట్టాడు. కంపు ఆమెది కాదని ఆయనకు తెలుసు. ఎక్కడిదో కూడా తెలుసు. ఇన్నేళ్ళయినా ఈ మాటను మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు, అందుకే ముందే చెప్పేశాను.

మాది సూర్యాపేట. నిజాం సర్కారు చివరి రోజులవి. మోతె దిక్కు మాకు కొంచెం చెలక ఉండేది, జొన్నలు పండేవి. ఇంటి ముందు అరుగును ఆనుకొని ఉన్న చిన్న అర్రను కిరాయికిచ్చేవాళ్ళం. అందులో ఎండుచేపలమ్ముకునే ఒకామె ఉండేది. కృష్ణ ఒడ్డున మఠంపల్లి దిక్కు నుంచి వచ్చింది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. నేనామెను చేపలత్త అనేవాణ్ణి. ఆమె అర్రకూ మేం గింజలు పోసుకునే అర్రకూ నడుమ ఒకటే మట్టిగోడ. మా లోపలి గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు, తొక్కనిచ్చేవాళ్ళు కాదు.

ఆ ఏడు వానలు పట్టుకున్నాక ఇంట్లో కంపు మొదలైంది. పాతబడ్డ కుడితి లాంటి పుల్లటి కంపు. అమ్మ పచ్చళ్ళ జాడీలన్నీ బయటపెట్టి కడిగింది. అర్రలన్నీ పేడతో అలికింది, సాంబ్రాణి వేసింది. పొగ ఉన్నంతసేపు సాంబ్రాణి వాసన, పొగ పోయాక మళ్ళీ అదే కంపు. మా నాయన అటకెక్కి చచ్చిన ఎలుక కోసం పెంకులన్నీ కదిలించాడు. తెలిసి తెలిసి ఎక్కి వెతికాడని తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఎలుక దొరక్కపోయేసరికి మాట చేపలత్త మీదికి మళ్ళింది. పక్కింటి అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని అరుగు ముందు నిలబడింది.

"ఏందే, సముద్రం తెచ్చి మా వాడకట్టుల పెట్టినవా?"

చేపలత్త తడుముకునే మనిషి కాదు. "నా చేపలు సచ్చి నెల దాటిందవ్వా. సచ్చిననాడు కొట్టని కంపు ఇయ్యాల కొడ్తయా?" అంది. వాడకట్టంతా నవ్వింది గాని, నవ్విన వాళ్ళెవరూ ఆమె మాట నమ్మలేదు. అర్ర ఖాళీ చేయించమని మా నాయనకు రోజూ ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. ఆయన కాదనలేదు, ఔననలేదు.

అర్ర పోతే ఆమెకు ఊళ్ళో వేరే చోటు దొరకదు. చేపల బుట్టలున్న మనిషికి అర్ర ఎవరిస్తారు? ఆ దిగులుతోనే ఒకనాడు సాయంత్రం నన్ను పిలిచి, కుమ్మరి దగ్గర కొత్తగా తెచ్చుకున్న మట్టి ముంతలు చూపించింది. ఇంకా నీళ్ళు తగలనివి.

"సూడు చిన్నయ్యా, నా సరుకుది ఉప్పు వాసన, ఎండ వాసన. ఇది తడి కంపు. గాలిల ఉన్న కంపుకు ముక్కు దారి పట్టలేదు. గీ ముంతలు తీస్కపోయి అర్రకొకటి నేల మీద బోర్లించు. పొద్దుగాల ఒక్కొక్కటి ఎత్తి వాసన సూడు. ఏ ముంత నిన్ను ఎనక్కి నూకుతదో, కంపు గాడున్నట్టు. ముందుగాల నా అర్రలనే పెట్టు."

ఆ చివరి మాట నాకిప్పటికీ వినబడుతుంది. నేను ఆమె చెప్పినట్టే ఆమె అర్రతోనే మొదలుపెట్టాను. తెల్లవారాక ఎత్తి చూస్తే అక్కడి ముంతలో మట్టి వాసన తప్ప ఏమీ లేదు. వంటింట్లోనిది పొగ వాసన. గింజల అర్రలో గోడ పక్కన పెట్టినదాన్ని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, అదే పుల్లటి కంపు నన్ను వెనక్కి నూకింది. దొరికింది! ఆ ముంత పట్టుకొని చేపలత్త దగ్గరికి ఉరికాను. గడప దాటకముందే అమ్మ నన్ను రెక్క పట్టి లాగింది.

"నోరు మెదిపినవంటే మీ నాయిన్ని కట్టేసి కొండవోతరు. కింద పాతరున్నది" అంది చెవిలో.

ఆ రోజుల్లో సర్కారు పండిన గింజల్లో లెవీ కింద కొలిపించుకొని పోయేది. తిండికుందా లేదా అని చూసేది కాదు. నన్ను అమ్మమ్మ ఇంటికి పంపి, మా నాయన ఆ అర్రలో నేల కింద పాతర తవ్వించి జొన్నలు దాచాడు. గోడ పక్క నుంచి వాననీళ్ళు దిగి అవి కుళ్ళిపోతున్నాయి. గింజలు దాచినందుకు నేనాయన్ను తప్పుపట్టను. ఇంటినిండా తినే నోళ్ళున్నాయి. తవ్వి పారబోద్దామంటే, లెవీ కొలిపించే సర్కారు అధికారి గిర్దావరు మనుషులు అప్పటికే ఊళ్ళో తిరుగుతున్నారు.

అమ్మ ముంతలన్నీ ఒడిలో వేసుకొని గబగబా పోయి చేపలత్త గడప ముందు దించి వచ్చింది. చేపలత్త ఆ రోజు నన్నేమీ అడగలేదు. నేనూ ఆమె కంటబడకుండా తిరిగాను.

తరువాత గిర్దావరు మా ఇంటికి రానే వచ్చాడు. గడపలోనే ఆగి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందిది, గింత బద్బూ?"

"కిరాయి ఆమె దొరా, ఎండుచేపలమ్ముతది" అన్నాడు మా నాయన తల ఎత్తకుండా.

ఆమెను పిలిచి అడిగారు. ఆమె మా నాయన దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "నాదే దొరా. వానకు తడిసి సరుకు చెడిపోయింది" అంది. గిర్దావరు మనిషి ఆమె బుట్టలు ఎత్తి మోరీలో కుమ్మరించాడు. ఎండిన, గలగలలాడే మంచి సరుకు. దొరవారు లోపలి అర్రల దాకా రాకుండానే వెళ్ళిపోయారు. భయపడి ఒప్పుకుందనుకున్నాను నేను.

ఆ మాటకు మా నాయన ఆమె కాళ్ళు మొక్కాలి. ఆయన చేసిందేమిటి? ఆ మధ్యాహ్నమే, వాడకట్టంతా వినేటట్టు, సామాను తీసుకొని నడువుమన్నాడు. ఆమె పోయాకే కంపు పోవాలి, అప్పుడే ఎవరికీ అనుమానం రాదు. అదీ ఆయన లెక్క. ముసురులో ఆమె ఖాళీ బుట్టలు నెత్తిన పెట్టుకొని కోదాడ బాటన పోయింది. ముంతలు మాత్రం బుట్టలో వేసుకుంది.

గిర్దావరు ఊరు దాటినాక పాతర తవ్వారు. నల్లబడి ముద్దగట్టిన జొన్నలను పెంటకుప్పలో కప్పెట్టారు. గుంతలో వేపాకు, ఊక పోసి కాల్చారు. సున్నం చల్లి, ఎర్రమట్టి నింపి, మీద అలికారు. కంపు పోయింది. "సూసినవా, గామె పోయింది, కంపు పోయింది" అని పక్కింటి అవ్వ మురిసిపోయింది. పెద్దవాణ్ణయ్యాక ఒకసారి మా నాయనను నిలదీస్తే, "పెద్దోళ్ళ ముచ్చట నీకెందుకురా" అన్నాడు. అంతే.

నాకు బడి చదువు అబ్బలేదు, ఉన్న నాలుగు ముక్కలూ సొంతంగా కూడబెట్టుకున్నవే. ఆ నాలుగింటిలో చేపలత్త ముంత ఒకటి. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా పక్కింటి మోరీ కంపు అని మొదలుపెడితే, ముందు మన అర్రల్లో గిన్నెలు బోర్లించండి అని అరుస్తాను. కోడళ్ళు నవ్వుకుంటారు. నవ్వనీ.

చాలా ఏళ్ళకు, మిర్యాలగూడలో బియ్యం మిల్లులో పనిచేస్తుండగా, అంగట్లో ఎండురొయ్యలు పోసుకొని కూర్చున్న ముసలామెను చూసి ఆగిపోయాను. చేపలత్తే. నేనెవరినో చెప్పుకున్నాను. ఎదురుగా గొంతుకూర్చున్నాను. "అత్తా, ఆనాటి కంపు నీది కాదు, మాది. నువ్వు చెప్పినట్టే ముంతలు పెట్టిన. తెలిసింది. చెప్పనియ్యలేదు" అన్నాను. ఇన్నాళ్ళూ ఆమె తన చేపలనే అనుమానించుకొని బతికిందేమోనని నా బాధ.

ఆమె రొయ్యల మీద ఈగలు తోలుతూ, "జొన్నలేమన్న దక్కినయా?" అని అడిగింది.

జొన్నల సంగతి నేనింకా ఎత్తనే లేదు. నీకెట్ల తెలుసత్తా అన్నాను.

"మీ అమ్మ కడగకుంటనే పెట్టిపాయె గద ముంతలు. వాసన సూడకుంట లోపలికి తీస్కుంటనా చిన్నయ్యా? ఒకదాంట్ల కుళ్ళిన జొన్నల కంపు కొట్టె. మీ నాయిన్ని గుంజుకపోతరనే గిర్దావరు ముంగల నాదే అన్న. పొమ్మంటడని మాత్రం అనుకోలే."