సత్తెమ్మ కోసం మార్చిన లెన్స్

1896లో నేను రాజమండ్రిలోని ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. స్వదేశానికి వెళ్లిపోతూ ఒక దొరగారు ఇచ్చిన పాత హాఫ్ ప్లేట్ కెమెరా నా దగ్గర ఉండేది. హాఫ్ ప్లేట్ అంటే అరచెయ్యి కన్నా కాస్త పెద్దదైన గాజుపలక. బొమ్మ పడేది దాని మీదే. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో పెళ్లిజంటలనీ, బాప్తిస్మం పొందిన పిల్లలనీ తీసేవాణ్ణి. ఆరేడేళ్లు అలా గడిచాక, ఉద్యోగం మానేసి ఫోటోగ్రఫీనే వృత్తిగా పెట్టుకోవాలన్న కోరిక బలపడింది. అయితే ఆ పాత కెమెరాతో దుకాణం నడవదని తెలుసు.

సలహా కోసం కాకినాడలో పేరున్న ఒక ఫోటోగ్రాఫరుగారి దగ్గరికి వెళ్లాను.

"ప్లేటు ఎంత పెద్దదైతే ఫోటోగ్రాఫరు అంత పెద్దవాడండీ మేష్టారూ," అన్నారాయన. "పన్నెండంగుళాల కెమెరా తెప్పించుకోండి. అది లేనిదే జమీందార్ల గుమ్మం ఎక్కలేరు."

ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ కెమెరా కొంటే తమవారి గ్రూపు ఫోటో తీసే పని నాకే ఇప్పిస్తానని ఒక జమీందారుగారి దివాను అప్పటికే కబురు చేశారు. మద్రాసు కంపెనీకి ఆర్డరు ఉత్తరం రాసి బల్ల మీద పెట్టుకున్నాను. సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ వారంలోనే వీరన్న వచ్చాడు. ధవళేశ్వరం దిగువన గోదావరి మధ్యనున్న ఒక లంకలో ఉంటూ ఏట్లో చేపలు పట్టుకునే మనిషి. నలభై దాటి ఉంటాయి. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మా అక్క బొమ్మ తియ్యాలండి."

"పండగా, శుభకార్యమా?"

"ఏం లేదండి. నాకు రెండేళ్లప్పుడు పడవ తిరగబడి మా అమ్మా నాన్నా పోయారండి. అక్కే నన్నూ, మా అన్నలిద్దర్నీ పెంచింది. పెళ్లి కూడా చేసుకోలేదండి. మా అమ్మ మొకం ఎలా ఉండేదో నాకు తెలీదు. అక్క మొకమన్నా నా పిల్లలకి ఉండాలి కదండీ."

రెండు రోజుల తర్వాత పడవలో ఆమెను తీసుకొచ్చాడు. ఆమె పేరు సత్తెమ్మ. అరవై ఉంటాయేమో. ఆమెకి వణుకుడు జబ్బు. చేతులు రెండూ ఆగకుండా వణుకుతున్నాయి. తల అటూ ఇటూ కదులుతూనే ఉంది.

నా కెమెరా లెన్స్‌లోంచి వెలుతురు సన్నగా లోపలికి వచ్చేది. వరండా నీడలో ఆరేడు లెక్కపెట్టేదాకా మూత తీసి ఉంచాలి. అంతసేపూ మనిషి కదలకూడదు. ఎండలో కూర్చోబెడితే ఒకటి లెక్కపెడితే చాలు గానీ, ఎండకి ఆమె కళ్లు తెరవలేకపోయింది.

"కదలకుండా కూర్చోవాలమ్మా," అన్నాను, అనకూడని మాటని తెలిసే.

"కూకోమంటే కూకుంటాను బాబూ. నా తలకాయ నా మాట ఇనదు."

అప్పుడు హెడ్ రెస్ట్ తెచ్చాను. అది కుర్చీ వెనక నిలబెట్టే ఇనప స్టాండు. పైన రెండు కొమ్ములుంటాయి, వాటి మధ్య తలని బిగిస్తారు. ఆ రోజుల్లో అందరూ వాడేదే. బిగించాను. ఆమె కళ్లలో బెదురు కనిపించింది.

"ఎద్దుని కాడికి కట్టినట్టు కట్టేత్తన్నారేంటి బాబూ?" అంది మెల్లగా. వీరన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అయినా నేను ఆపలేదు. మూత తీసి ఏడు లెక్కపెట్టాను.

వారం తర్వాత వీరన్న వస్తే కాగితం మీద అచ్చు వేసిన ఫోటో చేతికిచ్చాను. వెనక గోడకున్న సున్నపు పెచ్చులు కూడా వివరంగా పడ్డాయి. కుర్చీ పడింది. చీర పడింది. మొహం ఉండాల్సిన చోట పొగలాంటి మరక. అతను దాన్ని వెలుతురుకి తిప్పి చూశాడు.

"గోడ బాగా పడిందండి," అన్నాడు. "అక్కే పళ్లేదు."

నన్ను నొప్పించాలని అన్నది కాదు. ఉన్నమాట చెప్పాడు, దండం పెట్టి వెళ్లిపోయాడు.

నేను వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాను. నా భార్య రూతమ్మ ఆ ఉత్తరం వైపు చూసి, "పెద్ద కెమెరా వస్తే ఆవిడ ఫోటో వస్తుందాండీ?" అని అడిగింది.

"ప్లేటు పెద్దది కదా, వివరంగా..." అని ఏదో చెప్పబోయాను.

"ఎంత పెద్ద గాజు మీదైనా ఆవిడ వణుకుతుంది కదండీ."

లెక్కలు చెప్పే నాకు ఆ మాట అంతవరకూ తట్టలేదు. నాకు కావలసింది పెద్ద ప్లేటు కాదు, త్వరగా పట్టుకునే కన్ను. పోర్ట్రెయిట్ లెన్స్ అని ఒకటుంటుంది. లావుపాటి ఇత్తడి గొట్టం, లోపల పెద్ద పెద్ద గాజులు. వెలుతురుని ధారాళంగా లోపలికి రానిస్తుంది. దానికి రబ్బరు బుడగ నొక్కితే పనిచేసే షట్టరు బిగిస్తే, నీడలో కూడా అరక్షణంలో పని అయిపోతుంది. కాకపోతే అది గ్రూపులకి పనికిరాదు. మధ్యలో ఉన్నవాళ్లు బాగా వస్తారు, అంచుల్లో ఉన్నవాళ్లు మసకబారతారు. పెద్ద కెమెరా, ఈ లెన్సూ రెండూ కొనే స్తోమత నాకు లేదు. పాత కెమెరాకి కొత్త లెన్సూ షట్టరూ పంపమని ఉత్తరం తిరగరాసి, స్కూలుకి రాజీనామా ఇచ్చాను.

దివానుగారికి విషయం తెలిసి జమీందారుగారి గ్రూపు ఫోటో పని కాకినాడ ఫోటోగ్రాఫరుగారికి వెళ్లిపోయింది. "స్కూలుకి రాజీనామా చేసి ఇదేం పని మేష్టారూ?" అని మా హెడ్మాస్టరుగారు బాధపడ్డారు. నాకూ భయంగానే ఉండేది.

సామాను రావడానికి రెండు నెలలు పట్టింది. ఈసారి నేనే పడవెక్కి లంకకి వెళ్లాను. సత్తెమ్మ అప్పటికి బాగా నీరసించింది. గుమ్మంలో తలుపుకి ఆనించి కూర్చోబెట్టారు. కదలొద్దని చెప్పలేదు. వీరన్న చిన్నప్పుడు ఎలా ఉండేవాడని అడిగాను.

"మా గొప్పోడు లెండి! ఏట్లో ఒల లాగమంటే ఆ ఒలలోనే నిద్రోయేవోడు," అంటూ తమ్ముడి వైపు చూసింది.

ఆమె మాట్లాడుతుంటే గమనించాను. తల అటు వెళ్లి ఇటు తిరిగే చోట ఒక్క రెప్పపాటు ఆగుతుంది. ఆ ఆగడం కోసం చూసి బుడగ నొక్కాను. మూడు ప్లేట్లు తీస్తే రెండు పోయాయి. మూడోది నిలిచింది. చేతులు నీటిలో ఉన్నట్టు మసగ్గా ఉన్నాయి. మొహం మాత్రం ప్రతి ముడతతో సహా వచ్చింది.

అచ్చు వేసిన ఫోటోని నాలుగు రోజులకి లంకకి తీసుకెళ్లి చూపించాను. ఆమె దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

"అమ్మ," అంది.

"అమ్మేంటక్కా, నువ్వే," అన్నాడు వీరన్న.

"నేనా?" మళ్లీ చూసింది. "నేను ఇలాగైపోయానా? అమ్మ ముసల్దయ్యుంటే ఇలాగే ఉండేదిరా. ఈ నుదురు అమ్మది. ఈ మూతి అమ్మది. సూడు."

వీరన్న ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. ఫోటోని చూశాడు, అక్కని చూశాడు, మళ్లీ ఫోటోని చూశాడు. ఆ పెద్ద మనిషి భుజాలు కదులుతుంటే నేను పడవ దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ ఏడు గోదావరి వరదల కాలంలోనే జబ్బు ముదిరి సత్తెమ్మ పోయింది. అన్నదమ్ముల ముగ్గురి ఇళ్లకీ తలొక అచ్చు వేసిచ్చాను.

మొదటి ఏడాది కష్టంగానే గడిచింది. తర్వాత నిలదొక్కుకున్నాను. పసిపిల్లల్ని, మంచం పట్టినవాళ్లని, ఒక చోట కుదురుగా ఉండలేనివాళ్లని నన్ను వెతుక్కుంటూ తెచ్చేవారు. పెద్ద కెమెరా చాలా ఏళ్లకి కొన్నాను. అది చెడ్డదని అనను. పదిమందిని కూర్చోబెట్టి తీయాలంటే దాన్ని మించింది లేదు.

ఈ వృత్తిలోకి రాబోయే కుర్రాళ్లు ఇప్పటికీ వచ్చి, "ఏ కెమెరా కొనమంటారండీ?" అని అడుగుతుంటారు. ప్లేటు కొలతలతో మొదలుపెడతారు. ఎవరిని తీయబోతున్నారో ముందు చెప్పమంటాను. ఆ మనిషి కెమెరాకి తగినట్టు కూర్చోలేనప్పుడు ఏం చేస్తారో అది కూడా ఆలోచించుకుని రమ్మంటాను. నేను ఆ ప్రశ్న వేసుకోకుండానే ఒక పెద్దావిడ తలని ఇనప కొమ్ముల మధ్య బిగించాను.