స్తంభం లేని పోర్టికో

డెబ్భైల మొదట్లో నేను ట్రేసర్‌ని. సారు పెన్సిలుతో గీసిన నక్షా మీద పల్చటి కాగితం పరిచి, ఇంకుతో మళ్ళీ గీయడం నా పని. చార్మినార్ దగ్గర ఓ గాజుల దుకాణం మీద ఉండేది మా ఆఫీసు. ఆ ఏడు మా సారుకి ఒక కొత్త యూనివర్సిటీ పరిపాలనా భవనం డిజైన్ చేసే పని దొరికింది. ఆయన సంబరం చూడాలి! "ఫీజు కట్టనీకి పిలగాడొచ్చినా, కారెక్కి పెద్దమనిషొచ్చినా ఒక్క స్తంభం అడ్డం రావొద్దు" అంటూ, ముందువైపు పన్నెండడుగుల పోర్టికోని గోడలోంచి గాల్లోకి చాపేశాడు.

ఆ భవనానికి ఇనుప సలాకలు కట్టే మేస్త్రీ మా బాపు. సారుని బతిమాలి నాకీ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే.

పోర్టికో స్లాబు పోసిన వారానికి, నేను ఎవరింటిదో బాల్కనీ గీస్తుంటే సారు నా బల్ల దగ్గరికొచ్చాడు. "గాల్లో ఉండే స్లాబుకి లోపలి సలాకలు పైవైపు ఉండాలమ్మా. కింద పెడితే, ఆసరాకి నిలబెట్టిన సెంట్రింగ్ కర్రలు తీసిన్నాడే కూలిపోతది" అన్నాడు. పోర్టికోకి ఎక్కడ గీశాను? గదులన్నిటికీ సలాకలు కిందే ఉంటాయి. అవి గీసీ గీసీ, ఆ ఊపులో దీనికీ కిందే గీసేశాను. సారు కూడా హడావిడిలో సంతకం పెట్టేశాడు.

వెంటనే చెప్పాలా వద్దా? చెప్పలేదు. నా నోరు పడిపోను, చెప్పలేదు! ఉద్యోగం పోతుంది, సారు పరువు పోతుంది, బాపు తల ఎక్కడ పెట్టుకుంటాడు అని సాకులు వెతుక్కుంటూ రోజులు గడిపాను. మా ఛత్రినాకలో అప్పుడు బోనాలు. అమ్మ బోనమెత్తుకుని నడుస్తుంటే, వెనకాల నేను మొక్కుకున్నది ఒక్కటే: తల్లీ, ఆ పోర్టికోని పట్టుకో. ఎంత సిగ్గులేని మొక్కు!

ఒకరోజు తింటూ తింటూ బాపు అడిగాడు.

"ఏంది బిడ్డా, గిట్ల చిక్కిపోతున్నవ్? ఏమన్న ఫికరా?"

"ఏం లేదు బాపూ."

ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

బాపుకొక అలవాటుంది. సెంట్రింగ్ కర్రలు తీసే రోజున, తాను కట్టిన కప్పు కింద తానే నిలబడతాడు. "నేనే నిలబడకపోతే కూలోళ్లు ఎట్ల నమ్ముతరు?" అనేవాడు. ఈ పోర్టికో కిందా నిలబడతాడు.

పోర్టికో కర్రలు తీసే రోజు పొద్దున ఆఫీసు ఎగ్గొట్టి బస్సెక్కాను. దిగి పరుగెత్తేసరికే బాపు పోర్టికో నడిమధ్యన ఉన్నాడు. చుట్టూ నలుగురు కూలీలు సుత్తులతో కర్రల్ని కొడుతున్నారు. ఆగండి అని అరవొచ్చు, అరవలేదు. కాళ్ళు మాత్రం కదిలాయి. వెళ్ళి బాపు పక్కన నిలబడ్డాను.

"నీకేం పని ఈడ?"

"ఊకెనే వచ్చిన."

ఆయన పొమ్మనలేదు. ఒక్కో కర్రా పడుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుని ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆఖరి కర్ర పడింది. నెత్తి మీద బొలబొలా ఇసుక రాలింది. అయిపోయాం దేవుడా అనుకున్నాను. ఇంకేమీ రాలలేదు. కళ్ళు తెరిచి చూస్తే పోర్టికో ఉన్నచోటే ఉంది.

కూలీలు చాయ్ తాగడానికి పక్కకు వెళ్ళాక, బాపు సంచిలోంచి నలిగిపోయిన నక్షా ప్రింటు తీసి నా ముందు పరిచాడు. పోర్టికో దగ్గర సలాకలు కిందే ఉన్నాయి. నా చేతి గీతలే.

"ముప్పై ఏండ్లసంది సలాకలు కడుతున్న. గిది తప్పని నాకు తెల్వదా? సైటు ఇంజనీరుకు చూపెట్టి, పైననే కట్టిన."

"మరి నాకెందుకు చెప్పలే బాపూ?"

"నువ్వే వచ్చి చెప్తవని చూసిన. రోజూ చూసిన."

నాకు ఏడుపు ఆగలేదు. "నీకేమన్న అయితే నేనుగూడ బతకొద్దని వచ్చిన" అన్నాను. ఆ మాటకి కరిగిపోయి దగ్గరికి తీసుకుంటాడనుకున్నాను.

బాపు ప్రింటు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. చాయ్ తాగుతున్న కూలీల వైపు చూశాడు.

"మంచిదే బిడ్డా. మరి గా నలుగురికి ఏం చెప్పినవ్?"