గోల్‌కీపర్ కోసం ప్రార్థన

చోడవరం బస్సు కాంప్లెక్సులో కూర్చుని, ముందు రాత్రి ఓడిపోయిన మన ఫుట్‌బాల్ జట్టు గురించి నేనూ నా స్నేహితుడూ వాదించుకుంటున్నాం. తప్పంతా కోచ్‌దేనని వాడు. కాదు, ఆ చేతకాని గోల్‌కీపర్‌ని తీసేసి ఇంటికి పంపాలని నేను అరుస్తున్నాను.

పక్కనే బైబిలు ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ నా వైపు తిరిగింది.

"ఎవుర్ని బాబూ పన్లోంచి తీసేస్తన్నారు, మీ తమ్ముణ్ణా? పేరు సెప్పు, ప్రార్థనలో పెడతాను."

నవ్వాపుకుంటూ, తమ్ముడేనని ఆ గోల్‌కీపర్ పేరు చెప్పాను. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని, కళ్లు మూసుకుని, ఆ పేరుతోనే ప్రార్థించింది.

గోవాడ బస్సు రాగానే లేస్తూ నా చెయ్యి పట్టుకుంది. "గుంటడు ఇంటికొచ్చేక తిట్టకు బాబూ. ముందు అన్నం పెట్టు."

తర్వాత అతన్ని నిజంగానే తీసేశారు. ఆ వార్త చదివిన పూట నాకు అన్నం సయించలేదు.