ఎడపల్లిలో ఇసుర్రాయి పాట

మైకు లేకుండా పాటల ప్రోగ్రామంటే మా నిజామాబాద్‌లో ఎవరూ నమ్మలేదు. ఇంట్లో వ్రతం చేసుకున్నా వీధి మలుపు దాకా వినపడేట్టు సౌండు బాక్సులు పెట్టే ఊరు మాది. మైకు లేదు, స్టేజీ లేదు, ముఖ్య అతిథి లేడు, శాలువాలు అసలే లేవు అని నేను చెప్పుకుపోతుంటే మా పక్కింటామె జాలిగా చూసి, "మరి ఉన్నదేందక్కా?" అంది. పాటలున్నాయే తల్లీ అన్నాను. ఆమెకు అదంత గొప్ప విషయంగా కనిపించలేదు.

మాది చిన్న నాటక సమాజం. డైరెక్టర్ బ్యాంకు ఉద్యోగి, అందరం సార్ అనే పిలుస్తాం. ఆయన హైదరాబాద్‌లో ఏదో వర్క్‌షాపుకు పోయి వచ్చినప్పటి నుంచి 'దగ్గరి నాటకం' అనే పిచ్చి పట్టుకుంది. ఒక గది, కాసిని కుర్చీలు, ఒక హార్మోనియం. పాడేవాళ్లు ఊపిరి తీస్తే వినేవాళ్లకు తెలియాలి. మధ్యలో చప్పట్లు కొట్టకూడదు, ఈలలు వేయకూడదు, వన్స్ మోర్ అసలే అనకూడదు. ఈ నియమాలన్నీ కరపత్రంగా నా చేతే రాయించాడు. పాటలన్నీ పక్క భాషల నుంచి, సముద్రాలవతలి నుంచి తెచ్చినవి. వాటిని తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. నేను హిందీ టీచరుగా రిటైరయ్యాను. ఉర్దూ మా ఊరి గాలిలోనే ఉంది, మరాఠీ చిన్నప్పుడు అంగట్లో ఒంటబట్టింది. సముద్రాలవతలి వాటికి మాత్రం హిందీ అనువాదాలే దిక్కు.

వాటిలో ఒక పాటలో మంచు కురుస్తున్న స్టేషన్లో ఒకామె ద్రాక్షసారా తాగుతూ రాని మనిషి కోసం ఎదురుచూస్తుంటుంది. నేనామెను తీసుకొచ్చి జానకంపేట జంక్షన్లో కూర్చోబెట్టి చేతికి కల్లు సీసా ఇచ్చాను. సార్ నెత్తి కొట్టుకున్నాడు.

"మేడం, ఆ పాటల ఒక ఒంటరితనం ఉంటది."

"బోధన్ బండి కోసం జానకంపేటల ఒక్క పొద్దు కూసోండ్రి సార్. ఒంటరితనమేందో మీకే తెలుస్తది," అన్నాను.

కల్లు ఉండిపోయింది.

మరాఠీ నుంచి తెచ్చింది విసుర్లు విసిరే పాట. అత్తింట్లో తెల్లవారకముందే లేచి జొన్నలు విసురుతూ ఒక కోడలు గాలితో పుట్టింటికి కబురు పంపుతుంది. నేను మొదట తిరగలి అని రాశాను. మా వదిన కాగితం చూసి, "తిరగలి ఎవలింట్ల ఉన్నది? ఇసుర్రాయి అనరాదు?" అంది. ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన నన్ను ఎవరైనా దిద్దితే చర్రున మండుతుంది. కానీ ఆమె మాటే బాగుంది. ఏం చేస్తాం, దిద్దుకున్నాను.

వదిన అంటే మా అన్న భార్య. జక్రాన్‌పల్లి ఆడపడుచు. మా వాడకట్టులో బతుకమ్మ పాట ఆమె ఎత్తుకుంటేనే ఎత్తుకున్నట్టు. అట్లాంటి మనిషికి మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు, ప్రాణానికి భయం లేదన్నారు, అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. కానీ గొంతు పోయింది. మాట మెల్లమెల్లగా తిరిగొచ్చింది గానీ పాట రాలేదు. పై స్థాయికి పోతే ఎండిన పెంకులా పగిలేది. వరసగా రెండేళ్లు బతుకమ్మ చుట్టూ వదిన చప్పట్లు కొడుతూ తిరిగింది, పాట వేరేవాళ్లు ఎత్తుకున్నారు. రెండో ఏడు ఇంటికొచ్చి అన్నం తినకుండానే పడుకుంది.

మా అన్న మంచివాడు. అదే మా తంటా. గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు చంకన పెట్టుకుని ఆమె వెనకే తిరిగేవాడు. ఇంటికి చుట్టాలొస్తే గడపలోనే ఆపి, "ఆమెతోటి మాట్లాడియ్యకుండ్రి, డాక్టర్ వద్దన్నడు," అనేవాడు. ఆమె మాట్లాడాల్సినవన్నీ ఆయనే మాట్లాడేవాడు, కూరగాయలామెతో బేరంతో సహా. బేరం చేయడం ఆయనకు చేతకాదు. వదిన లోపలి నుంచి చేతులు ఊపుతుంటే, ఆయన వంకాయలు రెండింతలు ధర పెట్టి కొనుక్కొచ్చేవాడు.

అందుకని, "ఇసుర్రాయి పాట నేను పాడుత," అని వదినే నోరు తెరిచి అడిగినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. అన్న వద్దన్నాడు. సార్ నసిగాడు. నేను సార్ వంక ఉరిమి చూశాను. పాట వదినకే వచ్చింది.

మొదటి ప్రదర్శన నిజామాబాద్‌లోనే, ఒక ఫంక్షన్ హాలు మేడ మీది గదిలో. పసుపు పంట దిగే కాలం, కిటికీ తెరిస్తే చాలు మార్కెట్ యార్డు వాసన. వచ్చినవాళ్లంతా వకీళ్లు, లెక్చరర్లు, డాక్టర్లు. సార్ చెప్పినట్టే కదలకుండా, మెదలకుండా, పరీక్ష రాసే పిల్లల్లా కూర్చున్నారు. కల్లు సీసా పాటకు కూడా ఒక్కరి పెదవి కదల్లేదు! నాకు ఒళ్లు మండింది. అంత నిశ్శబ్దంలోకి వదిన వచ్చి పీట మీద కూర్చుంది. మొదటి చరణం బాగానే గడిచింది. తర్వాత పై స్థాయి మాట ఒకటుంది, 'అమ్మకు' అని సాగదీసి ఎత్తాలి. ఎత్తింది. గొంతు పగిలింది. ఆమె ఆగిపోయింది. గదిలో ఎవరూ దగ్గను కూడా లేదు. మర్యాద, పాడు మర్యాద! వదిన రెండు చేతులూ జోడించి, లేచి, పరదా వెనక్కి వెళ్లిపోయింది.

పరదా వెనక అన్న ఫ్లాస్కు మూత తిప్పుతూ, "ఇగ చాలు. మన వల్ల గాదు," అన్నాడు. సార్ పాపం నేల చూపులు చూస్తూ, తర్వాతి ప్రదర్శనలు ఎడపల్లి, బోధన్‌లలో కదా, డిగ్రీ కాలేజీ అమ్మాయి ఒకతె ఉంది, ఎడపల్లిలో ఆమెతో పాడిద్దామా అన్నాడు. వదిన నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఎడపల్లిల నేనే పాడుత సార్. ఆడ గూడ ఆగిపోతే పాట ఆ పిల్లకియ్యుండ్రి. బతుకమ్మకు గూడ నన్ను ఎవ్వలు పిలవకుండ్రి. ఇగ నేను మళ్ల నోరు తెరవ."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఎడపల్లిలో మాకిచ్చింది మహిళా సంఘం భవనం. కుర్చీలు వేస్తామంటే వద్దని జంపఖానాలు పరిచారు. మేం సామాన్లు దించేసరికే హార్మోనియం ముందు దీపం వెలుగుతోంది, కొబ్బరికాయ కొట్టి ఉంది, ఊదుబత్తి పొగ హార్మోనియం వాయించే మా రిటైర్డ్ బస్సు కండక్టర్ మొహానికే కొడుతోంది. వచ్చినవాళ్లంతా ఆడవాళ్లే, నాట్లు వేసి కాళ్లు కడుక్కుని వచ్చినవాళ్లు. సార్ ముందుకొచ్చి చేతులు కట్టుకుని, ప్రదర్శన సాగుతున్నంతసేపూ దయచేసి నిశ్శబ్దం పాటించండి అన్నాడు. అందరూ బుద్ధిగా తలలూపారు.

ముందుగా కల్లు సీసా పాట. మా సమాజంలో పాడే కుర్రాడు మొదటి లైను పాడి ఊపిరి తీసుకున్నాడో లేదో, గది గదంతా ఆ లైనును తిరిగి పాడింది!

సార్ అదిరిపడ్డాడు. మావాడు బిత్తరపోయి రెండో లైను పాడాడు. అదీ తిరిగొచ్చింది, ఈసారి తాళాలతో. ఎవరో కొంగుముడి విప్పి భజన తాళాలు తీశారు. అప్పటికి నాకు వెలిగింది. ఎడపల్లిలో ప్రతి శనివారం ఆడవాళ్ల భజన ఉంటుంది. ఒకరు చెబితే మిగతావాళ్లు అనాలి. అనకుండా ఊరుకుంటే పాడేవాళ్లను అవమానించినట్టు. సార్ నిశ్శబ్దం అన్నది, పిల్లలను ఏడవనీయకండి, ముచ్చట్లు పెట్టకండి అన్నట్టు వాళ్లకు అర్థమైంది. ముచ్చట్లు నిజంగానే ఎవరూ పెట్టలేదు.

సార్ నా చెవిలో, "మేడం, గిది భజనయిపోతున్నది, ఆపుదామా?" అన్నాడు. ఏడుపు ఒక్కటే తక్కువ. నాకు మాత్రం తక్కువ మంటా? నెలల తరబడి చెక్కిన నా మాటల్ని వాళ్లు పప్పుచారు చేసి పోస్తున్నారు. సగం మాటలు మింగుతున్నారు, అక్కడక్కడా 'రామ రామ' అని కలుపుతున్నారు. కల్లు సీసా పట్టుకుని రైలు కోసం చూసే ఆడదానికి రాముడేమిటి, నా మొహం! కానీ పాటయిపోగానే ముందు వరసలో ఒక అవ్వ, "జానకంపేటల గిట్లనే అయితది బిడ్డా, పాపం," అని నిజంగానే నిట్టూర్చింది. వకీళ్లూ డాక్టర్లూ ఇవ్వనిది ఆ అవ్వ ఇచ్చింది. ఆపొద్దని సార్‌కు సైగ చేశాను.

వదిన వంతు వచ్చింది. పీట మీద కూర్చుని కొంగు సర్దుకుంది. అన్న తలుపు దగ్గర నిలబడ్డాడు, చంకలో ఫ్లాస్కు. నేనైతే గోడ పట్టుకున్నాను.

ఇసుర్రాయి మీద చెయ్యేసి, గాలీ, నిన్నే పిలిచిన.

వదిన చాలా కింద మొదలుపెట్టింది, మాట్లాడినంత మెల్లగా. ఆడవాళ్లు ఆ లైనును అందుకుని తమకు వాటమైన ఎత్తులో పాడారు. వదిన కళ్లు విప్పారాయి. ఆమె బతుకంతా చేసింది ఇదే కదా. ఒకరు ఎత్తుకోవడం, పదిమంది అందుకోవడం. వాళ్లు పాడుతున్నంతసేపూ ఆమె గొంతుకు విశ్రాంతి. కండక్టర్ కూడా సంగతి గ్రహించి వాళ్లకు వీలుగా లైనును తిప్పి వాయించసాగాడు. 'అమ్మకు' దగ్గరికి వచ్చింది. వదిన దాన్ని ఎత్తలేదు, కిందనే చెప్పి వదిలింది. ఆడవాళ్లు దాన్ని పైకి తీసుకుపోయారు. వాళ్లతో పాటు నేనూ గొంతు చించుకుంటున్నాను, నిశ్శబ్దం గురించి కరపత్రం రాసిన నేనే. సార్ పెదవులు కూడా కదులుతున్నాయి. గండం గడిచినట్టే అనుకున్నాను. ఇక ఆఖరి చరణంలో ఆ మాట మళ్లీ వస్తుంది, అదీ ఇట్లాగే దాటిపోతే చాలు.

అప్పుడు వదిన చెయ్యెత్తింది.

తాళాలు ఆగాయి. ఒద్దే వదినా అని లోపల్లోపలే అరిచాను. తలుపు దగ్గర అన్న ఒక అడుగు ముందుకేశాడు. వదిన ఆయన వైపు చూడలేదు. ఒక్కతే పాడింది.

గట్టు మీది గాలీ, పోయి మా అమ్మకు చెప్పిరా.

ఈసారి 'అమ్మకు'ను ఎత్తింది. నిజామాబాద్‌లో పగిలిన చోటనే గొంతు పగిలింది. అవ్వ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన ఆగలేదు. ఆ పగిలిన గొంతుతోనే చివరిదాకా లాగింది, ఊపిరి తీసుకుంది, ఇంకా మిగిలిన లైను అందుకుంది.

బాగున్నననే చెప్పు, బక్కగయిననని చెప్పకు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆ లైను నేనే రాశాను, ఎన్నిసార్లు కొట్టేసి రాశానో నాకే తెలుసు. అయినా అది అంతవరకు నాకు అర్థం కాలేదు. ఆడవాళ్లు అందుకోవాలా వద్దా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వదిన నవ్వి చేత్తో రమ్మన్నట్టు సైగ చేసింది. అప్పుడు అందరూ ఆ లైనును మెల్లగా, ఆమె కంటే ఎత్తుకు పోకుండా, తిరిగి పాడారు.

పాటయ్యాక పరదా వెనక అన్న ఫ్లాస్కు మూతను ఎటు తిప్పాలో మరిచిపోయి అటూ ఇటూ తిప్పుతున్నాడు. వదినే దాన్ని లాక్కుని మూత తీసి నీళ్లు పోసుకుంది.

"ఆఖర్ల మళ్ల గొంతు..." అన్నాను, ఎట్లా అడగాలో తెలియక.

"పగిలింది," అంది వదిన. "ఇగ గింతే ఉంటదే పిల్లా, బాగు గాదు." నీళ్లు తాగి మూతి తుడుచుకుంది. "రేపు బోధన్‌ల ఎన్నింటికి?"