నర్సమ్మ దాచిన మాట

మా మందుల కంపెనీ దవాఖానా నర్సమ్మ పోయిన గురువారం కన్నుమూశారు. పటాన్‌చెరులో ఆ కబురు విన్నప్పుడు ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఆమెను ఏడిపించిన మనిషే సంతాప సభకు పెద్దమనిషట. ఆయన నా భర్తకు అన్న, నాకు బావ. ఆ కంపెనీలోనే యూనియన్ లీడర్.

పెళ్లయిన కొత్తలో నాకు కోరిక పుట్టేది కాదు. "ఇది ఉత్త కట్టె" అని నా భర్త ఇంట్లో చెప్పాడు. బావ ఆ మాట గల్లీ అంతా చెప్పి నవ్వించాడు. అత్త తాయెత్తు కట్టించింది. చివరికి తలనొప్పి మాత్రకని దవాఖానాకు పోయి, నర్సమ్మ ముందు ఏడ్చాను. ఎవరినైనా ముట్టుకునే ముందు అరచేతులు రుద్ది వెచ్చబరుచుకోవడం ఆమెకు అలవాటు. అలాగే నా చెయ్యి పట్టుకున్నారు.

"అందరికి ఒక్క తీర్గ ఉండదు బిడ్డా. కొందరికి కోరిక దానంతట అదే పుడ్తది. కొందరికి మంచిగ మాట్లాడి దగ్గరికి తీస్కుంటేనే పుడ్తది. కొందరికి ఎప్పుడు తక్కువనే. భయముంటే ఉన్నది గూడ చస్తది. నీది రోగం గాదు."

మర్నాడు నా భర్తను పిలిపించి, "ఆమె వద్దంటే ఆగు. అడుగు, విను" అని గట్టిగా చెప్పారు. ఆయన విన్నాడు. మెల్లగా నాలో భయం పోయింది.

బావ మాత్రం, ఆమె ఆడవాళ్లను చెడగొడుతోందని సంతకాలు పెట్టించి, ఉద్యోగం తీయించాడు. ఆ తర్వాత ఆమె ఇంటి అరుగు మీదే సూదులు వేస్తూ, మా గోడు వింటూ బతికారు.

కొన్నేళ్లకు ఆ అరుగు మీదికే బావ వచ్చాడు. లోపల ఆమెకు బియ్యం ఏరిపెడుతున్న నన్ను చూడలేదు. "సిస్టర్, ఏడాది సంది నాకు కోరికే పుడ్తలేదు" అన్నాడు. నాకు చెప్పిన మాటలే, అంతే మెత్తగా, ఆయనకూ చెప్పారు. షుగర్ ఉందేమో చూపించుకోమన్నారు. ఆయన పోయాక మండిపడ్డాను.

"ఎందుకు ఎల్లగొట్టలేదమ్మా?"

"మందుకొచ్చినోన్ని ఎల్లగొడ్తమా? ఈ మాట నీ నోట్ల నుంచి రావొద్దు. ఒట్టెయ్యి."

వేశాను.

సభలో బావ దండ ఎత్తి, "నర్సమ్మ మాకు తల్లి" అన్నాడు. నేను లేచాను.

"తల్లి నౌకరి తీయించింది నువ్వే గద బావా! ఆ కాగితం మీద మొదటి సంతకం నీదే. చెప్పు అందరికి." అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. "ఇంకోటి గూడ చెప్పాల్నా?"

ఆయన ముఖం పాలిపోయింది. ఆ రెండోది చెప్పలేదు. కానీ చెప్పనన్న సంగతి ఆయనకు తెలియదు. బతికినన్నాళ్లూ నన్ను చూసినప్పుడల్లా ఉలికిపడాలి. నర్సమ్మ ఉంటే నన్ను తిట్టేవారు. తిట్టనీ.

కుర్చీ మీద నర్సమ్మ ఫొటో. దాని ముందు దండ వేయలేక, దించలేక బావ నిలబడ్డాడు. వేళ్ల మధ్య నలుగుతున్న దండలోంచి బంతిరేకులు ఒక్కొక్కటే ఆయన బూట్ల మీద రాలుతున్నాయి.